గులాబీల మామ్మ నీటి వంతు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, నా డైరీలో ఒక అబద్ధం రాశాను. కొండ మీద మామ్మకి తోటకు నీళ్ళు పెట్టడంలో సాయం చేశానని రాశాను. అమ్మ అది చదివి మురిసిపోయింది. అసలు జరిగిందేమిటో అమ్మకి చెప్పలేదు, నాన్నకి చెప్పలేదు, తర్వాత నాతో చదువుకున్న వాళ్ళెవరికీ చెప్పలేదు. ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను.

డెబ్బైల నడుమ మేము మస్కట్‌లో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఎవరైనా ఇంటికొస్తే తలుపు వెనక్కి వెళ్ళిపోయే పిల్లని నేను. అమ్మతో తప్ప ఇంకెవరితోనూ నాకు మాట పెగిలేది కాదు. తుంటి విరిగి అమ్మ వార్డులో రెండు నెలలు పడుకున్న ఒక ముసలామెది జెబెల్ అఖ్దర్ అనే కొండ మీద ఊరు. నేను మామ్మ అన్నది ఆమెనే. ఇంటికి వెళ్ళే రోజున ఆమె అమ్మ చెయ్యి పట్టుకుని, గులాబీలు పూసేటప్పుడు నీ పిల్లని తీసుకుని రా అని మరీ మరీ చెప్పిందట. ఆ రోజుల్లో ఆ కొండెక్కాలంటే సైన్యం వాళ్ళ అనుమతి చీటీ ఉండాలి. ఊళ్ళో పిల్లలకి టీకాలు వేసే పని అమ్మకి అప్పగించడంతో ఆ చీటీ దొరికింది. నాకు ఈస్టర్ సెలవులు. ఆ వారమంతా నాకు సరిగా నిద్ర పట్టలేదు.

పొద్దు పొడవక ముందే కొండ కింద లోయలో నడక మొదలుపెట్టాం. మామ్మ కొడుకు గాడిదను తోలుకుని కిందికి వచ్చాడు. ఒకప్పుడు బొంబాయి వెళ్ళే ఓడల్లో పనిచేసిన మనిషి, హిందీ చక్కగా మాట్లాడేవాడు. గాడిద మీద ఐసు నింపిన టీకాల పెట్టె, వెనకాల మేము. రాతిలో మెట్లు చెక్కిన దారి అది. ఎన్ని వందల ఏళ్ళ నుంచి ఎన్ని పాదాలు తొక్కాయో, మెట్ల నడుమ గిన్నెల్లా గుంటలు పడ్డాయి. ఆ గుంటల్లోనే అడుగు వేయాలని నాకు నేనే ఆట పెట్టుకున్నాను.

సగం దూరంలో అమ్మ ఆగి నా మొహం చూసింది. "ఏమే, కాళ్ళు లాగుతున్నాయా?"

"లాగుతున్నాయంటే పెట్టె దింపేసి నన్నెక్కిస్తావా?"

"పెట్టెలో ఐసు కరుగుతుంది. నువ్వేం కరిగిపోవులే, నడువ్."

అబద్ధమెందుకు, నేనప్పుడు పరిగెత్తమన్నా పరిగెత్తేదాన్ని. మస్కట్ వేడి ఎక్కడో కిందే ఉండిపోయింది. చల్లటి గాలి చెవుల్లో హోరుమంటోంది. మధ్యాహ్నం దాటాక చివరి మలుపు తిరగకుండానే గాలిలో ఏదో తియ్యటి వాసన తగిలింది. ఆ కొడుకు వెనక్కి తిరిగి నవ్వాడు. మలుపు తిరిగి చూద్దును కదా, కొండ చరియ మీద పైనుంచి కిందిదాకా మెట్లు మెట్లుగా మళ్ళు, ప్రతి మడికీ రాతి గోడ, గోడ మీంచి వంగి లేత గులాబీ రంగు పూలు. నేను దారిలోనే కూలబడి చూస్తూ ఉండిపోయాను. ఈ గోడలు ఎవరు కట్టారని అమ్మ అడిగితే ఆయన భుజాలెగరేశాడు. తన తాత కట్టలేదట, ఆయన తాతా కట్టలేదట. రాయి జారితే తిరిగి పెట్టుకుంటూ వస్తున్నామంతే అన్నాడు.

మామ్మ చేతికర్రతో ఎదురొచ్చి, అమ్మని కావలించుకుని, నా తల నిమిరింది. నేను అమ్మ చీర వెనక్కి పోయాను. ఆమె ఏమీ అనుకోలేదు.

మర్నాడు తెల్లవారుజామున అందరితోపాటు పూలు కోశాను. ఎండెక్కగానే అమ్మ ఇంటి ముందర టీకాలు వేయడం మొదలుపెట్టింది. పిల్లల ఏడుపులు వినలేక నేను తోటలోకి జారుకున్నాను. కొండ లోపలి ఊటనుంచి నీళ్ళు తెచ్చే సన్నని రాతి కాలువ ఒకటి పై మళ్ళ అంచున పారుతోంది. దాన్ని ఫలజ్ అంటారు. మడిమడికీ ఒక కన్నం, ప్రతి కన్నానికీ గుడ్డ చుట్టిన రాయి బిరడా. మామ్మ, కొడుకు కింద గులాబీల దగ్గరున్నారు. పై మడిలో దానిమ్మ మొక్కల పాదులు బీటలు తీసి ఉన్నాయి. పక్కనే నీళ్ళు గలగలా పోతున్నాయి.

మా అమ్మమ్మగారి ఊరు కృష్ణ కాలువ కింద. పిల్లలం గట్టు తెంపి నీళ్ళు వదలడం, మళ్ళీ మట్టి వేసి మూయడం అక్కడ రోజూ ఆడే ఆట. ఎవరూ ఏమీ అనేవారు కాదు. కాలువ నిండా నీళ్ళే కదా. ఆ అలవాటుతో, పాపం ఈ మొక్కలని అనుకుంటూ బిరడా లాగేశాను. నీళ్ళు ఎగిరి దూకాయి. బీటల్లోకి బుసబుసమని ఇంకిపోతుంటే చప్పట్లు కొట్టాలనిపించింది. కాసేపు చూసి మూయబోతే రాయి నిలవలేదు. ఎలా పెట్టినా నీళ్ళు దాన్ని తోసేస్తున్నాయి. భయం వేసి, రాయి అక్కడే వదిలేసి, మెట్లెక్కి బండ చాటున కూర్చున్నాను.

కింద కేకలు మొదలయ్యాయి. మామ్మ కొడుకు పరుగున పైకొచ్చి కన్నం మూశాడు. దానిమ్మ తోట యజమానిని పిలిచి నిలదీశాడు. ఆ పొట్టి మనిషి గడ్డం పట్టుకుని ఒట్లు వేస్తున్నాడు. పక్క తోటలవాళ్ళు చేరారు. మామ్మ మెల్లగా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. బండ చాటున నన్ను చూసి ఆ కొడుకు హిందీలో మొర పెట్టుకున్నట్టు చెప్పాడు.

"చూశావా బేటీ, ఈ పొద్దు నీళ్ళు మా అమ్మ వంతు. పోతే మళ్ళీ పది రోజులకి. అప్పటికి మొగ్గలన్నీ మాడిపోతాయి. ఏడాదికి ఒక్కసారి పూసే పూలు. ముప్పై ఏళ్ళ పొరుగువాడు, దొంగలా తిప్పుకున్నాడు."

కాలువలో పారే నీళ్ళు కాలువవి అనుకున్నాను. అక్కడ ప్రతి చుక్కకీ ఒక మనిషి పేరుంది. పొట్టాయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది, సాయంత్రానికి ఆయనే దొంగ అని ఊరంతా ఒప్పుకుంటుంది. మామ్మ మాత్రం ఎవరి వంకా చూడటం లేదు. తడిసి బురద పట్టిన నా పావడా అంచు చూస్తోంది. చూసి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. నా కోసం ఆగిందని నాకు అర్థమైంది.

లేచి వెళ్ళి ఆ కన్నం మీద చెయ్యి పెట్టాను. నాకొచ్చిన అరబీ మాటల్లో ఒక్కటే గుర్తొచ్చింది.

"అనా," అన్నాను. నేను అని.

ఆ పొట్టాయనే ముందు నవ్వాడు. "ఇదిగో, ఇండియా నుంచి నీళ్ళ దొంగని తెచ్చుకున్నారు, పూలు చూపిస్తామని!" అన్నాడట. కొడుకు నాకు హిందీలో చెబుతూ తనూ నవ్వాడు, తర్వాత వెళ్ళి, తప్పయిందన్నట్టు ఆయన భుజం మీద ముద్దు పెట్టాడు. మామ్మ వంతు తర్వాత వచ్చేది ఆయన వంతే. పోయినన్ని నీళ్ళు అందులోంచి తిరిగిస్తానన్నాడాయన.

ఎన్ని నీళ్ళని లెక్క చూసే పని మామ్మ నాకప్పగించింది. మళ్ళకి పైన చదును బండ మీద ఒక కర్ర నిలబెట్టి ఉంది. దాని చుట్టూ గులకరాళ్ళు. కర్ర నీడ ఒక రాయి నుంచి పక్క రాయి దాకా జరిగితే ఒక కొలత. నేను పోగొట్టింది అంతేనని తేల్చారు. నీడ రాయిని తాకగానే నేను అరవాలి, కింద ఆయన కాలువ తిప్పుకోవాలి. అరవాల్సిన మాట 'బస్', చాలు అని.

కళ్ళార్పకుండా కూర్చున్నాను. ఆ నీడ నత్తలా జరుగుతోంది. ముందుగా అరిస్తే మామ్మకి నష్టం, ఆలస్యమైతే ఆయనకి. నీడ తాకింది. 'బస్' అన్నాను. నా మాట నాకే వినపడలేదు. పొట్టాయన కింద చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు పోతున్నాయి. ఆయన నీళ్ళు. అప్పుడు నేను లేచి నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. ఎదుటి కొండ 'బస్' అని తిరిగి అరిచింది. తోటంతా నవ్వింది. నాకు సిగ్గు వేయలేదు, ఇంకోసారి అరవాలనిపించింది.

కేక విని అమ్మ బయటికొచ్చింది, చేతిలో సూదితోనే. మామ్మ ఏదో చెప్పింది. మీ పిల్ల నాకు నీళ్ళు పెట్టడంలో సాయం చేస్తోందని చెప్పిందని అమ్మే నాకు చెప్పింది. ఆ అబద్ధాన్నే నేను డైరీలోకి ఎక్కించుకున్నాను.

తర్వాత ఎన్నో ఆఫీసుల్లో, ఎన్నో గదుల్లో, ఏదో తప్పు జరిగి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నప్పుడు, నా తడిసిన పావడా అంచు నాకు కనిపిస్తుంది. ఆ తప్పు నాదైతే 'నేను' అనే ఆ చిన్న మాట ముందు నేనే అంటాను. ఇప్పటికీ బెరుకే, అయినా వినపడేటట్టే అంటాను.

మర్నాడు దిగి వచ్చేటప్పుడు మామ్మ మెట్ల దారి మొదటిదాకా వచ్చింది. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నాకు అర్థం కావాలని ఒక్కో అరబీ మాటా విడదీసి చెప్పింది.

"మళ్ళీ రా. నా వంతు రోజున రా."