అరసవల్లి వెళ్ళొచ్చిన బొమ్మ టెంపో

మా అయ్య నడిపిన టెంపోని వేలెడంత చేసి, నా రైలు బొమ్మల బల్ల మీద నౌపడ స్టేషన్ ముందు నిలబెట్టాలని నాకో పిచ్చి పట్టుకుంది. దాన్ని మా అమ్మ చూసి "ఇదేరా మీ అయ్య బండి" అనాలి. అంతే. ఆ ఒక్క మాట కోసం నేను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు.

మాది భావనపాడు. నా చిన్నప్పుడు అయ్య ఆ టెంపోలో చేపల బుట్టలు నౌపడ తోలేవాడు. అక్కడ అవి చిన్న రైలెక్కి పాతపట్నం వైపు పోయేవి. ముందు ఒకే చక్రం, పొడుగు ముక్కు, వెనక చెక్క తొట్టి, అదీ బండి. లోడు కాస్త ఎక్కువైతే మలుపులో ఒరిగిపోతుంది. ఒకరోజు అలాగే ఒరిగింది, అయ్య పోయాడు. బండి తుక్కులోకి పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. కొన్నేళ్ళకి ఆ చిన్న రైలు పట్టాలు కూడా పీకేసి పెద్ద లైను వేశారు. ఇక నేను బల్ల మీద కట్టుకోక ఏం చెయ్యాలి?

ఇప్పుడు ఉండేది శ్రీకాకుళంలో, నాది సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. సన్నపని చేతికి అలవాటే. రైలు, పట్టాలు, స్టేషను, పక్కనున్న ఉప్పుమళ్ళు, అన్నీ కుదిరాయి. కుదరనిది రోడ్డు మీద బండి. నా కొలతలో మనిషి బొటనవేలి కణుపంత కూడా ఉండడు. మన బజార్లో ఆటో బొమ్మ కొని పెడితే అది స్టేషను కప్పు కంటే ఎత్తు. దేశమంతా ఆటోల్లో తిరుగుతుంది గానీ, రైలు బల్లకి సరిపడే ఆటో చేసే నాథుడు నాకు ఒక్కడూ దొరకలేదు. ఇంగ్లండువాళ్ళు మాత్రం తమ పాత మూడు చక్రాల కార్లని సరిగ్గా ఆ కొలతలో, తలుపు పిడితో సహా చేసి అమ్ముకుంటున్నారు. ముందు ఒకే చక్రం, పొడుగు ముక్కు. వెనక భాగం కోసేసి తొట్టి కడితే మన టెంపో అయిపోతుందని ఒకటి తెప్పించాను.

అదైనా సుఖంగా వచ్చిందా? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, నెలల తరబడి కస్టమ్స్‌వాళ్ళ దగ్గర పడి ఉండి, ఆశ వదులుకున్నాక వచ్చింది. పార్శిలు తెచ్చినాయన నా చేత విప్పించి మరీ చూశాడు. "ఇంత పెద్ద పెట్టేటి, ఇందులో ఈ పేడపురుగేటి బాబూ" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రంపంతో కోశాను. ఐస్‌క్రీము పుల్లలు చీల్చి తొట్టి కట్టాను. నీలం రంగు వేసి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది.

"ఇది కాదురా."

"ఏటి కాదు? రంగా?"

"ఏమోరా. కాదు."

పచ్చరంగు వేశాను. కాదంది. తొట్టి ఎత్తు పెంచాను. కాదంది. చేపల బుట్టలని నారతో అల్లి పేర్చాను, కళ్ళు లాగేశాయి. "బుట్టలు బాగున్నాయి" అంది. బండి మాత్రం కాదు. ఏం తేడా ఉందో చెప్పదు, అడిగితే లేచి వంటింట్లోకి పోతుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఆవిడ మాత్రం తీరిగ్గా కూరగాయలు తరుగుతూ, "మావా, అత్త అవునంటే నీకు పనుండదు, అందుకే అనదు" అనేది. ఆమెకి వేళాకోళం, నాకు ప్రాణసంకటం.

ఈలోగా విజయనగరంలో ఒక బడిలో రైలు బొమ్మల ప్రదర్శన పెడుతున్నామని నాలాంటి పిచ్చివాళ్ళే కబురు పెట్టారు. అమ్మ అవునన్నా కాదన్నా బండిని తీసుకుపోదామనుకున్నాను. ఆఖరిసారి రంగేసి, ఆరబెట్టి, ఆదివారం పొద్దున్న దుకాణానికి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చేసరికి బల్ల మీద బండి లేదు.

అమ్మ అప్పుడే ఆటో దిగింది. కొంగు ముడి విప్పి బండిని నా చేతిలో పెట్టింది. ముక్కు నిండా పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. ముందు చక్రం విరిగి పక్కకి వేలాడుతోంది. మొత్తం నిమ్మరసంతో జిగటగా ఉంది.

"అమ్మా, ఏటి సేశావే దీన్ని?"

"అరసవల్లి తీసుకెళ్ళి పూజ సేయించాను. కొత్త బండి కదా."

"నిమ్మకాయ తొక్కించావా?"

"తొక్కించకుండా పూజేటిరా. బండి కింద ఎట్టి బొటనేలితో నొక్కాను."

మినపగింజంత చక్రం. దాని కింద నిమ్మకాయ. నిమ్మకాయకి గాటు పడింది, బండి విరిగింది.

"అక్కడ పంతులుగారైనా ఏటీ అనలేదా?"

"ఇదేటమ్మా అన్నాడు. బండి అన్నాను. పసుపెట్టాడు."

నేను అరిచాను. నెలల కష్టం బుగ్గిపాలైందన్నాను, బొమ్మకి పూజేమిటన్నాను, నీకు నచ్చేలా చెయ్యడం నా వల్ల కాదు, ఇక ఈ బల్ల కూడా తీసి పారేస్తానన్నాను. అమ్మ నన్ను అరవనిచ్చింది. అంతా అయ్యాక అరుగు మీద కూర్చుంది.

"మీ అయ్య బండికి పూజ సేయలేదురా" అంది.

నాకు తెలియదు. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

"కొన్న నాడే అన్నాడు, ఆదివారం అరసవల్లి తీసుకెళ్దామని. ఆదివారమంటే సేపకి గిరాకీ. బండి గుడికెళ్తే బుట్టలెవడు మోస్తాడు, వచ్చే వారం సూద్దాం అన్నాను. వచ్చే వారవూ అదే అన్నాను. ఆ బండి ఒరిగేదాకా మీ అయ్య అడుగుతానే ఉన్నాడు, నేను అదే మాట అంటానే ఉన్నాను."

ఇన్నాళ్ళూ నేను రంగులు మారుస్తున్నాను. లోడు ఎక్కువై ఒరిగిందే, పూజకీ దానికీ ఏమిటి సంబంధం అని అనబోయి, విరిగిన చక్రాన్ని వేలితో నిలబెట్టి చూశాను.

"చక్రం అతికిస్తానులే" అన్నాను.

"అతికించు. మీ అయ్య బండే ఇది" అంది అమ్మ. "పసుపు మాత్రం తుడిసీకురా."