పక్షులు గుర్తుపట్టే చొక్కా

పాక్ ఫనాంగ్ ఊళ్ళో మనుషుల కంటే పక్షులకే మంచి మేడలున్నాయి. కిటికీలుండవు, లోపల చీకటి, చెమ్మ. గోడ మీది స్పీకర్లలోంచి పొద్దుగూకేదాకా పక్షి కూతల రికార్డు మోగుతూనే ఉంటుంది. ఆ కూత నమ్మి చిన్న నల్ల పక్షులు లోపలికొస్తాయి, దూలాలకి ఉమ్మితో గూళ్ళు కడతాయి. ఆ గూళ్ళని సూపు కాచుకు తాగేవాళ్ళు కొనుక్కుపోతారు.

ప్రయూన్ ఇంట్లో కింద సంసారం, పైన పక్షులు. పై గది ఒకప్పుడు వాళ్ళమ్మది. పక్షులు వాటంతటవే వచ్చి దూలాలు పట్టాయి. ఆవిడ మారు మాట్లాడకుండా మంచం కిందికి దింపించుకుంది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన పక్షుల్ని వెళ్ళగొడితే అదృష్టం పోతుందని ఊరి నమ్మకం. అదృష్టం తూకానికి అమ్ముడుపోయే చోట నమ్మకం ఇంకాస్త గట్టిగా ఉంటుంది.

ఇంకో నమ్మకం కూడా ఉంది. పక్షులు తమ మనిషిని వాసనతో గుర్తుపడతాయట. అందుకని పైకెళ్ళే మనిషి ఎప్పుడూ ఒకే చొక్కా తొడుక్కోవాలి, దాన్ని ఉతక్కూడదు. అమ్మది నీలం నూలు చొక్కా. ఆవిడ దగ్గి దగ్గి పోయాక ప్రయూన్ అదే తొడుక్కుని పైకెళ్ళాడు. ఒక్క పక్షీ బెదరలేదు. కొడుకంటే వాడని ఊరంతా మెచ్చుకుంది.

అమ్మ రావడం ఆ తర్వాతే మొదలైంది.

పొద్దున పైకెళ్ళి రెట్టలు ఊడ్చి వస్తే, దీపాలు పెట్టే వేళకి వచ్చేది. ముందు వీపు మీద చలి. తర్వాత జ్వరం. ఆ తర్వాత గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, దాని కింద నుంచి పొడి దగ్గు. పక్కగదిలో వింటే అచ్చం ముసలావిడ దగ్గే. తెల్లారేసరికి అంతా మామూలు.

"అత్తకి ఏం కావాలో అడక్కూడదూ?" అంది అతని భార్య లమాయ్.

"అడిగా. దగ్గుతుంది తప్ప చెప్పదు."

"బతికున్నప్పుడూ అంతేగా. మనమే కనిపెట్టాలి."

ఆవిడ పటం ముందు అన్నం పెట్టారు, అగరొత్తులు వెలిగించారు. ఆవిడ రావడం మానలేదు. ప్రయూన్‌కి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, వేళ్ళ చివర్లు ఉబ్బాయి. చివరికి లమాయ్ అతన్ని పట్నం ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టర్ ఒరతై చిన్న వయసు మనిషి. ఎక్స్‌రేని వెలుగుకి పట్టి చూపించింది.

"మావయ్యా, ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. వాటి ఒంటి నిండా కొక్కేలనుకో, మేం రిసెప్టర్లంటాం. లోపలికొచ్చిన ప్రతిదాన్నీ తడిమి చూస్తాయి. నీవి పక్షి రెట్టల ధూళిని శత్రువనుకున్నాయి."

"ధూళేం చేస్తుందమ్మా? ఊళ్ళో అందరూ పీలుస్తున్నారుగా."

"చాలామందిని ఏమీ చేయదు. నీకు మాత్రం అది కొక్కేనికి తగిలితే చాలు, ఆ కణం కేకేస్తుంది. మిగతావి గుంపుగా దిగుతాయి. వాపు, జ్వరం, ఆయాసం. ఆ రభస అయ్యాక గాయం పూడ్చేవి వస్తాయి. వాటికి ఎక్కడ ఆపాలో తెలీదు. పూడ్చి పూడ్చి మెత్తటి చోటంతా మచ్చ చేసేస్తాయి. మచ్చ గాలి పీల్చదు."

"ఆ కణాలు ఎప్పటికైనా మర్చిపోతాయా?"

"మర్చిపోవు."

"మా అమ్మ కూడా అంతే," అన్నాడు ప్రయూన్. లమాయ్ మోచేత్తో పొడిచింది.

మందులు రాసిచ్చి, పై గదిలో అడుగు పెట్టొద్దంది డాక్టరు. మచ్చ ఇంకా పాకితే గాలి సిలిండరు తప్పదంది. అతను మాట విన్నాడు. లమాయ్ చొక్కా తొడుక్కుని పైకెళ్ళడం మొదలుపెట్టింది. కిందికొచ్చి చొక్కా విప్పి, మంచం పక్కన మేకుకి తగిలించేది.

అమ్మ అయినా వచ్చింది. ఇదివరకటి కంటే తరచుగా వచ్చింది.

దయ్యాల మాటెత్తితే నవ్వేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. పైకెళ్ళడం మానేశాడు, రోగం తగ్గలేదు. ఉన్న సాక్ష్యమంతా ముసలావిడ వైపే ఉంది. డాక్టరుది చదువు, తమది ఇల్లు. ఇంట్లో ఎవరు తిరుగుతున్నారో ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. అతను మందులు మానేసి, మేకుకున్న చొక్కా వైపు తిరిగి పడుకునేవాడు.

రెండో ఎక్స్‌రేలో మచ్చ పాకింది. ఒరతై మొహం ముడుచుకుంది.

"పైకి వెళ్తున్నావు కదూ?"

"అమ్మ తోడు, వెళ్ళట్లేదు."

"అత్తయ్యా, మరి పైనుంచి కిందికి ఏం వస్తోంది?"

"ఏం రాదమ్మా," అంది లమాయ్. "నేనొస్తా. చొక్కా వస్తుంది."

"ఉతుకుతావా?"

"ఉతక్కూడదమ్మా, పక్షులు వాసన పడతాయి," అంది లమాయ్. ఉతక్కూడని చొక్కా సంగతి విని డాక్టరు కోప్పడలేదు. "చొక్కా ఉతికినా చాలదు మావయ్యా. ఆ ఇల్లు వదిలెయ్యాలి," అని మాత్రం అంది.

లమాయ్ చొక్కా ఉతుకుతుంటే ప్రయూన్ అక్కడే నిలబడ్డాడు. ఒక్కసారి ఆపబోయి చెయ్యి చాపాడు. నీళ్ళు బూడిద రంగుకి తిరిగాయి. దూరంగా జరగమని ఆమె కసిరింది.

రొయ్యల చెరువుల పక్కన లమాయ్ అక్క ఇంట్లో ఒక గది తీసుకున్నారు. మర్నాడు లమాయ్ పాత ఇంటికెళ్ళి, వేరే చొక్కాతో పై గదెక్కింది, ముక్కుకి డాక్టరిచ్చిన మాస్కు కట్టుకుని. స్నానం చేసి, బట్టలు మార్చుకుని గదికొచ్చింది.

"పక్షులు పోయాయా?" అన్నాడు ప్రయూన్.

"ఒక్కటీ పోలేదు. వాటికి మనమెవరో కూడా తెలీదు. చీకటుంటే చాలు."

ఆ సాయంత్రం చలి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆయాసం మాత్రం ఉంది. మచ్చ పడ్డ చోటు మచ్చగానే ఉంటుందని డాక్టరు ముందే చెప్పింది. దీపాలు పెట్టే వేళకి ప్రయూన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీపు తలుపు వైపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

"ఎవరి కోసం?" అంది లమాయ్, గంజి గిన్నె చేతికిస్తూ.

"ఇవాళా రాలేదు."

"మంచిదేగా."

"మంచిదే." గంజి కలిపాడు. "అంటే లమాయ్, అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా రాలేదన్నమాట."

ఆమె కుర్చీ వెనక తలుపు వేయబోయి, అతన్ని చూసి, అలాగే తెరిచి ఉంచేసింది.