నీళ్లతో పాసైన పెట్రోలు ట్యాంకు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, కొండాపూర్‌లోని ఒక ప్రైవేటు వర్క్‌షాపులో వర్క్స్ మేనేజర్‌గా చేరాను. అది చేతికి గ్రీజు అంటని పదవి. పని చేసేది మెకానిక్, చూసుకునేది ఫోర్‌మన్, జాబ్ కార్డు మీద ‘ఓకే’ రాసి సంతకం పెట్టేది నేను. ఆ సంతకం పడితేనే బండి గేటు దాటుతుంది.

చేరిన నెలకే శ్రీలత గారి కారు వచ్చింది. ఆవిడ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ట్యాంకు లోపలుండే పెట్రోలు పంపు కాలిపోయింది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి అలాంటి పంపు ఇక దొరకదు. బయట వేరే పంపు బిగించడమే దారి.

బయటి పంపుకు నెట్టే బలం ఎక్కువ, పీల్చే బలం తక్కువ. అందుకని దాన్ని ట్యాంకు మట్టానికి కింద బిగించి, పెట్రోలు దానంతటదే అందేలా చూడాలి. ప్లాస్టిక్ ట్యాంకు అడుగున రంధ్రం చేసి పైపు తగిలించే ఇత్తడి నిపిల్ పెడదామన్నాను. ఫోర్‌మన్ యాదగిరి ఒప్పుకోలేదు.

"కింద బొక్క ఎందుకు సార్? పైన మూతకు పైపు ఉన్నది గద. దాన్నే అడుగుదాక పొడుగు చేద్దం. పంపు కిందనే ఉంటది, ఒక్కపారి దాంట్ల పెట్రోల్ నిండితే ఇగ ధార ఆగదు" అన్నాడు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ట్యాంకు దించి, కడిగించి, నిప్పురవ్వ లేవకుండా చేతి డ్రిల్లుతో రంధ్రం చేయించాను. నిపిల్‌కు రబ్బరు వాషర్లు వేసి, చుట్టూ ఎపాక్సీ జిగురు దట్టంగా పూయించాను. నిండా నీళ్లు పోసి ఒక రోజంతా ఉంచితే చుక్క కారలేదు. ట్యాంకు ఎక్కించి, కార్డు మీద దర్జాగా ‘ఓకే’ రాశాను.

కారు తీసుకోవడానికి వచ్చిన శ్రీలత గారు తాళం అందుకోకుండా, ఏ టెస్టు చేశారని అడిగారు. చెప్పాను.

"నీళ్లతో చేశారు, బాగుందండి. కానీ కారు నీళ్లతో నడవదు కదా. మా పాప కూర్చునేది వెనక సీట్లో. ట్యాంకు ఆ సీటు కిందే ఉంది" అన్నారామె.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల సర్వీసు నాది, కంప్యూటరు ముందు కూర్చునే మనిషి నాకు చెప్పడమా అనుకున్నాను. ఆవిడ నోరు మూయించడానికే కారు ఆపించి, పెట్రోలు నింపించి, షెడ్డుకు దూరంగా ఆరుబయట పెట్టించి, కింద అట్టముక్క పరిపించాను. మర్నాడు అట్ట పొడిగా ఉంది. యాదగిరిని పిలిచి చూపించాను.

"పెట్రోల్ గాలికే ఆరిపోతది సార్. జర వాసన సూడుండ్రి" అన్నాడు.

వంగి అట్ట వాసన చూశాను. పెట్రోలు వాసన గుప్పుమంది. ట్యాంకు ఖాళీ చేసి దించాక, నా ఎపాక్సీ గోటితో గీరితే అప్పడంలా లేచి వచ్చింది. ఆ ప్లాస్టిక్‌కు ఏ జిగురూ అంటదు. పైగా పెట్రోలు తగిలితే అది కాస్త ఉబ్బుతుంది, నీళ్లకు ఉబ్బదు. ఎండలో మూసిన కారు, సీటు కింద పెట్రోలు ఆవిరి, పైన ఆ పాప. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

రంధ్రం లేని పాత ట్యాంకు ఒకటి సంపాదించి, యాదగిరి చెప్పినట్టే మూతలోని పైపును అడుగుదాకా పొడిగించాం. మూతకు కొత్త రబ్బరు రింగు వేశాం. పంపు కింద బిగించాం. ఈసారి పెట్రోలుతోనే మూడు రోజులు ఉంచి, రోజూ ముగ్గురం వంగి వాసన చూశాం. మూడోవాళ్లు శ్రీలత గారే. ఆఫీసుకు వెళ్తూ దారిలో ఆగి మరీ చూసి వెళ్లేవారు.

దేనిలో ఏది పోస్తామో దానితోనే పరీక్షించాలి. ఈ ముక్క పనిముట్టు పట్టిన మనిషికీ, ఆ సీట్లో బిడ్డను కూర్చోబెట్టే మనిషికీ ముందే తెలుసు. సంతకం పెట్టేవాడికే తెలియలేదు. పాత కార్డు మీది ‘ఓకే’ను నేనే కొట్టేసి, కొత్త కార్డు మీద ముందు యాదగిరి చేత సంతకం పెట్టించాను. నాది దాని కింద పెట్టాను.