తాత పేరు మింగిన ప్రోగ్రాం

నాకు ఇప్పటికీ మండుతుంది. ఎవరి మీదంటే, సగం ఆ సార్ మీద, సగం నా మీద.

ఆదోని కంప్యూటర్ సెంటర్‌లో పైథాన్ నేర్చుకునేకి ఆస్పరి నుంచి రోజూ బస్సులో పోతాంటి. లూపులు, ఫంక్షన్లు అయిపోయి డిక్షనరీల కాడికొచ్చినాం. డిక్షనరీ అంటే ఏం లేదు, పేరు చెప్తే ఆ మనిషి వివరాలు తీసిచ్చే పెట్టె. సార్ బోర్డు మీద నాలుగు పేర్లు రాసినాడు. యాడో సిటీ పిల్లల పేర్లు, ఒకదానికొకటి కలవవు. "సార్, ఒకే పేరు ఇద్దరికుంటే?" అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మధ్యలో ఏమన్నా అడిగితే "ముందు రాసుకోమ్మా, తెలివి తర్వాత" అంటాడు, క్లాసంతా నవ్వుతారు. నోరు మూసుకోని రాసుకున్నా. థూ, నా బతుకు!

మా పక్క సంగతి తెలియందెవరికి? ఇంటికొకరికన్నా ఉరుకుంద సామి పేరుంటుంది. మొక్కుకున్నాక పుట్టిన మగపిల్లోనికి ఇంకో పేరు పెట్టే ధైర్యం ఎవరికుంది? మా తాతకూ అదే పేరు.

కోర్సు అయిపోయే ముందర ఎమ్మిగనూరులో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టినారు. పేర్లిచ్చినోళ్ల జాబితా తయారుచేసే పని సార్ ఒప్పుకోని, అదే మాకు ప్రాజెక్టు అన్నాడు. నా ప్రోగ్రాం బాగుందని దాన్నే తీసుకున్నాడు. పేరు కొడితే ఊరు, వయసు, ఏ కన్ను, అన్నీ వస్తాయి. తాత పేరు నేనే ఎక్కించినా. "పొర తీసేస్తే నీ మొగం బాగా కనపడుతుంది పాపా" అని పొంగిపోయినాడు.

క్యాంపు రోజు నాకు క్లాసుంది. తాత ఒక్కడే బస్సెక్కి పోయినాడు. సాయంత్రానికి కంటికి కట్టు లేకుండానే తిరిగొచ్చినాడు.

"జాబితాలో ఆ పేరు ఒక్కటే ఉందంట, తుగ్గలి ఆయనదంట. ఆయన్ని లోపలికి పిల్చుకోని నన్ను పొమ్మన్నారు. ఆ పట్టీ రాసింది నా మనవరాలే అప్పా, అండ్ల నా పేరు లేకుండా ఎట్లుంటాది అని గేటుకాడ ఎంత సెప్పినా ఇనలేదు."

మరుసటి పొద్దున సెంటర్‌లో అందరూ పేర్లు రాసిచ్చిన కాగితాలు తీసి చూసినా. ఆ పేరుండేటోళ్లు ఎనిమిది మంది. డిక్షనరీలో మిగిలింది ఒక్కడు. ఒకే పేరు మళ్లా ఎక్కిస్తే అది ముందున్నోన్ని తీసేసి ఆ జాగాలో కొత్తోన్ని కూసోబెడుతుంది. తప్పని ఒక్క మాట కూడా చెప్పదు, పాపిష్టిది! పేరు బదులు టోకెన్ నంబరు పెట్టింటే సరిపోయేది. ఏడుగురు ముసలోళ్లు గేటుకాడి నుంచే తిరిగి పోయినారు.

సార్‌కు చెప్తే, "ప్రోగ్రాం కరెక్టేనమ్మా, మీ ఊర్లోళ్ల పేర్లే సరిగా లేవు" అని పకపకా నవ్వినాడు.

"మీరూ ఈడే పుట్టినారు కదా సార్, మీకు తెలీదా ఈ పేరు సంగతి?" అని అరిచినా. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ అరుపేదో ముందే అరిచింటే బాగుండు.

ఇంటికొచ్చి తాతకు ఉన్నదున్నట్లు చెప్పినా. తిడతాడనుకుంటి.

"పోనీలే పాపా, సామి పేరే కదా. ఎవరో ఒకరికి కన్నొచ్చింది" అన్నాడు.

ఆ మాటకు ఇంకా మండింది. "వానికొస్తే నీకేమొచ్చింది తాతా!" అని గట్టిగా ఏడ్చినా.

క్యాంపు మళ్లా ఇంతవరకు పెట్టలేదు. ఇప్పుడు ఏ ప్రోగ్రాం రాసినా మొదట తాత పేరే రెండుసార్లు కొడతా. ఇద్దరూ మిగిలితేనే ముందుకు పోతా. తాత మాత్రం ఇంకా నన్ను గొంతును బట్టే గుర్తుపడతాన్నాడు.