ఖాళీ పెట్టె బరువు

ఉదయం ఐదూ ముప్పావుకి మా ఆవిడ నైట్ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే "ట్యాంకులో నీళ్లు నింపారా?" అంది. ఆ రోజుల్లో కాగితం మీద కుదిరిన లెక్క రోడ్డు మీద కూడా కుదురుతుందని నమ్మేవాణ్ణి. (పెళ్లయి ఏడాదైనా కాలేదు, నమ్మకాలు ఎక్కువ.) ఒమాన్‌లో, సోహార్‌లోని ఓ కంపెనీ స్టోర్స్‌లో నా ఉద్యోగం. ఆవిడ నర్సు. జబల్ అఖ్దర్ కొండ మీద గులాబీలు పూసినప్పుడు చూడాలని ఆమె కోరిక. ఆ వారం దాటితే పూలుండవు, ఆమెకు దొరికిన సెలవు ఆ రెండు రోజులే. కొండ మీద పడుకోవడానికని, దేశం వదిలి వెళ్తున్న ఓ తెల్లాయన దగ్గర, పికప్ వెనక ఎక్కించుకునే క్యాంపర్ పెట్టె కొన్నాను. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు. పికప్ మోయగలిగేది తొమ్మిదొందల కిలోలు. పెట్టె మీది పలక ఆరొందలంటోంది. ఇంకా మూడొందలు మిగులు!

మా బావ, అంటే ఆవిడ అన్నయ్య, కోడికూర గిన్నెతో సహా ఎక్కాడు. పికప్ వెనక్కి కుంగి, హెడ్‌లైట్లు ఆకాశం చూశాయి. అనుమానమొచ్చి, దారిలో ఓ తుక్కు యార్డులో కాటా వేయించాను. కాటా దగ్గరి పఠాన్ అంకెలు చూసి, "భాయ్, పహాడ్ పే జా రహే హో, యా పహాడ్ లే జా రహే హో?" అన్నాడు (కొండకు వెళ్తున్నావా, కొండను తీసుకెళ్తున్నావా అని). పికప్ మోయగలిగేదానికన్నా రెండొందల కిలోలు ఎక్కువ. పలక మీద ఉన్నది ఖాళీ పెట్టె బరువని, నీళ్లు, గ్యాసు, పరుపులు, మేము అందులో లేమని అప్పుడు తట్టింది.

బావ కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, "తగ్గిందా బావా?" అన్నాడు.

"నువ్వెంతుంటావు?"

"తొంభై."

దిగమన్నాను. కాటా నూట ఇరవై తగ్గింది.

"అన్నయ్యా, పెళ్లిచూపుల్లోనూ ఇదే చెప్పావా?" ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"కూర దింపేద్దాం," అన్నాను.

"కూర దిగితే నేనూ దిగిపోతా."

"నువ్వు దిగే ఉన్నావు బావా."

ఆవిడ కళ్లు తుడుచుకుని, "నీళ్లూ, అన్నయ్యా, కూరా లేకుండా ఈ పెట్టెందుకండీ? దీన్నే దింపేయండి," అంది.

పఠాన్ ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చి పెట్టెను దింపాడు. పరుపులు ఖాళీ పికప్‌లో పరుచుకుని వెళ్లాం. సాయంత్రం గులాబీ తోట గట్టు మీద, ఆవిడ చెప్పులు చేతబట్టుకుని ఆ చివరి దాకా నడిచింది. బావ గిన్నె ఖాళీ చేశాడు. తిరిగొచ్చేసరికి పఠాన్ ఆ పెట్టెలో గురకపెడుతున్నాడు. అతనికే వదిలేశాం.

ఆ మూడొందల మిగులు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బావ ఇంకా తొంభై అనే చెబుతాడు. ఎగతాళి చేయడానికి ఆవిడ లేదు. ఆవిడ పోయాక, గులాబీల కాలంలో ఏటా కొండకు వెళ్లడం మేమిద్దరం మానేశాం.