వెనక సీటు రామాంజులు

కారు అద్దెకు తీసుకునేవాడెవడైనా ముందు స్టీరింగ్ దగ్గర కూర్చుంటాడు, ఇంజిన్ చప్పుడు వింటాడు, టైర్లు తన్ని చూస్తాడు. రామాంజులు వెనక తలుపు తీసి, చెప్పులు బయట విడిచి, సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకుంటాడు. సీటు నచ్చితే కారు నచ్చినట్టే. బ్రేకుల సంగతి ఆ వెంకన్నకే ఎరుక.

రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి, దోహాలో అల్ హిలాల్‌లోని ఒక విల్లాకు డ్రైవరుగా ఉన్నాడు. పక్క విల్లాలో వంట చేసే అమర్నాథ్‌ది అమలాపురం వైపు. సెలవు దొరికిన శుక్రవారం యజమానుల బండ్లు ముట్టుకోకూడదు కాబట్టి, ఇద్దరూ కలిసి ఎయిర్‌పోర్టు దగ్గర ఉమైర్ నడిపే చిన్న దుకాణంలో కారు తీసుకుంటారు. ప్రతిసారీ ఈ పడక ముచ్చట చూసి చూసి అమర్నాథ్‌కు బీపీ పట్టుకుంది.

ఒకసారి కొత్త కారు, అద్దంలా మెరుస్తోంది. రామాంజులు వెనక పడుకుని లేచి, "వద్దబ్బా. ఏసీ గాలి నేరుగా సెవిలోకి కొడతాంది" అన్నాడు.

"వెనక కూర్చునేది మీరాండీ?"

"నేను డ్రైవర్ని గదా."

"పోనీ నేనా?"

"నువ్వు ముందర."

"మరి ఎవరి చెవి గురించండీ మీ బాధ?"

"ఎవురిదైనా సెవే గదా అబ్బా!"

తీరా ఆ సీట్లో ఎక్కేది ఇండస్ట్రియల్ ఏరియాలోని కూలీల క్యాంపు నుంచి రామాంజులు పోగేసుకొచ్చే మనిషి ఎవడో ఒకడు. సముద్రం చూపిద్దామని తీసుకెళ్తే, వాడు ఎక్కిన నిమిషానికే నిద్రపోయేవాడు. సెలవురోజు కూడా గురకలు వినే ఖర్మ తనకెందుకు పట్టిందో అమర్నాథ్‌కు అర్థమయ్యేది కాదు.

ఆ శుక్రవారం మాత్రం సరదాలకు తావు లేదు. క్యాంపులో ఉండే జగిత్యాల పిల్లవాడు ముత్యం తన పెళ్ళికి ఊరికి బయల్దేరుతున్నాడు. ఆదివారమే ముహూర్తం. మధ్యాహ్నం విమానం తప్పితే తాళి కట్టేవాడే ఉండడు. పైగా జుమ్మా నమాజు వేళకు ఉమైర్ దుకాణం మూసేస్తాడు. అమర్నాథ్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. రామాంజులు మూడో కారులో పడుకుని ఉన్నాడు.

"భాయ్, గాడీ లేనా హై యా సోనా హై?" బండి కావాలా, నిద్ర కావాలా అని ఉమైర్ తాళాలు ఆడిస్తూ అడిగాడు.

"దో మినిట్ భాయ్. పీఛే కమర్ దుఖ్‌తా" అంటూ రామాంజులు లేచి నడుం పట్టుకుని చూపించాడు. "ఇది కూడా కాదప్పా. ఆ మూలదాన్ని తెమ్మను."

అమర్నాథ్‌కు చిర్రెత్తుకొచ్చింది. "ఏంటండీ మీ గోల! అక్కడ పెళ్ళికొడుకు పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడండీ! విమానం మీ పడక కోసం ఆగుతుందా?"

"సూస్తాండా గదా, అరవాకు" అని రామాంజులు నాలుగో కారులో దూరాడు. ఈసారి బయటికొచ్చిన ముఖం వెలిగిపోతోంది. "ఇదీ సీటంటే! యల్లా, పోదాం పా!"

దారిపొడవునా అమర్నాథ్ పళ్ళు నూరుతూనే ఉన్నాడు. క్యాంపు గేటు దగ్గర ముత్యం తాళ్ళు కట్టిన అట్టపెట్టెతో నిలబడి ఉన్నాడు. రాత్రంతా డ్యూటీ చేసి, స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. రామాంజులు ఒక్క ఉరుకున దిగి, తన మేడమ్‌కు తీసినట్టే వెనక తలుపు తీసి పక్కకు నిలబడ్డాడు. చుట్టూ ఉన్న క్యాంపు జనం ఈలలు వేశారు.

ముత్యం కదల్లేదు. అట్టపెట్టె మీదున్న పాత పేపరు తీసి సీటు మీద పరవబోయాడు.

"అదేంది నాయనా?"

"ఖరాబైతది గద అన్నా. మా సూపర్‌వైజర్ కారెక్కితే పేపర్ ఏసుకొని కూసొమ్మంటడు."

రామాంజులు ఆ పేపరు లాక్కుని ఉండచుట్టి చెత్తడబ్బాలో పారేశాడు. "ఈ సీట్లో నేను దొర్లి సూసినా. నువ్వు కూర్చుంటే మాసేదేం లేదు. ఎక్కు."

ముత్యం ఎక్కాడు. అంచున కూర్చున్నవాడు మెల్లగా వెనక్కి వాలాడు. మొదటి సిగ్నల్ దాటేసరికి నోరు తెరిచి నిద్రపోయాడు. రామాంజులు పాటలు ఆపేశాడు. స్పీడు బ్రేకరు వస్తే పసిబిడ్డ తొట్టెను దాటిస్తున్నంత నెమ్మదిగా కారును దాటించాడు. "బస్సులో ఊగుతా పోవాల, క్యాంపులో మనిషి మీద మనిషి పండుకోవాల. యా పొద్దు ఈళ్ళకు నిద్ర? నేను జేసే డ్రైవరు పనికి ఒక్క గంట మెత్తగా నిద్రపుచ్చుతా. అంతకంటే నాచేత ఏమైతాది?" అన్నాడు గొంతు తగ్గించి.

అమర్నాథ్ వెనక్కి తిరిగి ముత్యాన్ని చూశాడు. ఇన్నాళ్ళూ వెనక సీట్లో గురకపెట్టిన వాళ్ళంతా గుర్తొచ్చారు. వాళ్ళ మీద విసుక్కున్నందుకు సిగ్గేసింది.

విమానాశ్రయంలో కౌంటరు ఇంకా తెరిచే ఉంది. ముత్యం కళ్ళు నులుముకుంటూ దిగాడు. ముఖంలో కాస్త పెళ్ళికళ వచ్చింది. ఇద్దరి చేతులూ పట్టుకుని, "పోయొస్త అన్నా" అని లోపలికి పరుగెత్తాడు.

తిరుగు ప్రయాణానికి రామాంజులు మళ్ళీ వెనక తలుపు తీశాడు. "ఎక్కబ్బా."

"నేనేమన్నా మేడమ్‌నా అండీ?" అని కసురుకుంటూనే అమర్నాథ్ ఎక్కాడు. రామాంజులుతో ఒక మంచిమాట అనాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ వెనక్కి వాలాడు.

కళ్ళు తెరిచేసరికి కారు అల్ హిలాల్‌లో, గోడ నీడన ఆగి ఉంది. పొద్దు వాలిపోయింది. ముందు సీట్లో రామాంజులు ఏసీ వేసుకుని బొమ్మలా కూర్చుని ఉన్నాడు.

"లేపొచ్చు కదండీ! పగటి వరకే సెలవు, సాయంత్రం డ్యూటీ ఉంది నాకు! మేడమ్ చంపేస్తుంది!"

"లేపుదామనే అనుకుంటి. బాగా నిద్రపోతాంటివి, మనసు రాలేదు. సీటెట్లుంది?"

అమర్నాథ్ జుట్టు సర్దుకున్నాడు. "బాగుందండీ," అన్నాడు, జీవితంలో మొదటిసారి. "వచ్చేవారం కూడా ఇదే తీసుకుందాం, వెతుకులాట తప్పుతుంది."

రామాంజులు వెనక్కి తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"లేదప్పా. దీంట్లో మెడ పక్కకు వాల్తాంది, గురకొస్తాది. వేరేది సూడాల."