పెద్దబ్బాయి ముక్కు, మూడు దేశాల సీసాలు

రాయగడ బజారులో పసుపు సావుకారు పెద్దబ్బాయి ముక్కు గురించి ఎవరేం చెప్పినా సగమే నమ్మాలి. ఆ సగమే పొరుగూరివాళ్లకి అరగదు. బంధుగాం కొండల నుంచి వచ్చిన పసుపు కొమ్మును విరిచి, బొటనవేలి గోటితో గీకి, ఒక్కసారి పీల్చి ఏ కొండ పంటో చెప్పేవాడు. రెండోసారి పీలిస్తే ఆ చేను దున్నిన జతలో దాపటెద్దు ముసలిదో వలపటెద్దు ముసలిదో కూడా చెప్పేవాడట. ఎద్దులు వచ్చి కాదన్న దాఖలా ఇంతవరకూ లేదు.

అలాంటి ముక్కు కరోనాలో మూసుకుపోయింది. కొన్నాళ్లు ఇంగువకీ కర్పూరానికీ తేడా తెలియలేదు. తర్వాత మెల్లగా తెరుచుకుంది. బజారంతా టముకు వేసుకున్నాడు గానీ లోపల భయం పట్టుకుంది. ఏది వాసన చూసినా పసుపే. కాఫీ పసుపు, అరటిపండు పసుపు, అన్నం ముద్ద నోటిదాకా తెస్తే అదీ పసుపే. ముక్కు తప్పిన పసుపు సావుకారు కొట్టు కట్టేసుకోవడమే. ఆ మాట భార్య బంగారమ్మతో కూడా అనలేదు.

ఆ రోజుల్లోనే ఒడియావాళ్ల దేబాశిష్ ఊరికి తిరిగొచ్చాడు. చిన్నప్పుడు పెద్దబ్బాయి పక్క బెంచీలో కూర్చుని తెలుగు తిట్లన్నీ నేర్చుకున్నవాడు. పెద్దయ్యాక ఓడల్లో వంటవాడిగా లోకమంతా తిరిగాడు. దిగిన ప్రతి రేవులో ఒక సీసా కొని దాచుకున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు సీసాలు, నాలుగు కాడ గ్లాసులు చంకన పెట్టుకుని పెద్దబ్బాయి మేడెక్కాడు. బంగారమ్మ ముందు మూతి తిప్పింది, తర్వాత పకోడీలు వేసుకొచ్చింది.

"ఇది పోర్చుగల్, సావుకారూ. గబుక్కున తాగీకు. ముందు వాసన సూడు. ఏటి తగల్తంది?"

పెద్దబ్బాయి స్టీలు గ్లాసును పట్టుకున్నట్టే అంచు మీద వేళ్లేసి ఎత్తాడు. ఎర్రటి వైన్. ముక్కు దగ్గరికి తెచ్చాడు.

"పోర్చుగల్లో పసుపు పండుతాదేట్రా?"

"నీ తలకాయ పండుతాది! నేరేడుపళ్లు తగల్లేదా? మిరియం?"

రెండోది చిలీ. లేత రంగు, నిమ్మతొక్క వాసన వస్తుందని దేబాశిష్ ముందే ఊరించాడు. అదీ పసుపే.

"భావుజా, ఇన్నావా? ఈ ముక్కుతోనా మీ ఆయన గొప్పలు సెప్పుకునీది!" అని దేబాశిష్, బంగారమ్మని ఒడియాలో వదినా అని పిలిచి, పగలబడి నవ్వాడు.

ఇంకో రోజైతే పెద్దబ్బాయి ఒక్కదానికి పది అందించేవాడు. ఆ రోజు గ్లాసు కింద పెట్టేశాడు.

"రేపు సంతకి నేనెళ్లనురా. ఈ బేరం ఒగ్గేస్తాను. ముక్కు పోయింది. దేనికీ పసుపు తప్ప ఇంకోటి తగల్దు."

నవ్వు ఆగిపోయింది. బంగారమ్మ పకోడీల పళ్లెం పక్కకి జరిపింది.

"అన్నానికి కూడానా?"

"అన్నానికీ అంతే."

"మరి మొన్న పెళ్లిలో పాయసం తిన్నారు కదండీ. అది?"

కాస్త ఆలోచించాడు. "అది... యాలకులు తగిలేయి. పచ్చకర్పూరం కూడా."

"అది సెంచాతో తిన్నారు." ఆమె అతని కుడిచెయ్యి పట్టుకుని అతని ముక్కు కిందే పెట్టింది. "ఇప్పుడు సూడండి."

పెద్దబ్బాయి తల వెనక్కి లాక్కున్నాడు.

"ఇన్నేళ్ల పసుపు సబ్బుకి పోతాదేటి? మీ సొక్కాలుతికే నాకు తెల్దా? ఇదివరకు ముక్కుకి అలవాటైపోయి తెల్లేదు. మజ్జిగౌరమ్మ దయవల్ల ఇప్పుడు కొత్త ముక్కొచ్చింది, కొత్తగా తగల్తంది. సేతులు ఎనక్కెట్టుకోండి."

మూడో సీసాను దేబాశిష్ గ్లాసులోకి వంచాడు. జపాన్‌వాళ్ల సాకే, బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, మబ్బుమబ్బుగా ఉంది. బంగారమ్మ గ్లాసు కాడ పట్టుకుని మొగుడి ముక్కు దగ్గర ఆనించింది. బడిలో దెబ్బలు తినబోయే పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దబ్బాయి వంగాడు.

"కానీండి, కానీండి. నేను అటు తిరిగేను," అన్నాడు దేబాశిష్.

ఒకసారి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఒరే, ఇది తరవాణిరా!"

ఎండాకాలం పొద్దున్నే తినడానికి అన్నంలో గంజి పోసి కుండలో పులియబెట్టే తరవాణి విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో ఎరగనిది కాదు.

"మూడోనాటి తరవాణి. పైన జాంపండు. అడుగున... తడిసిన పుట్టగొడుగు. పసుపు లేదురా! సుక్క పసుపు లేదు!"

"బియ్యం పులియబెట్టిందే మరి," అని దేబాశిష్ ఇటు తిరిగాడు.

బంగారమ్మ గ్లాసు తన వైపు తిప్పుకుని, తనూ ఒకసారి పీల్చింది.

"మూడోనాటిది కాదు. రెండోనాటిదే. మూడోనాటికి ఇంత తీపుండదు."

"నీకేటి తెల్సే?"

"కుండ పెట్టీది నేను. తినీది మీరు."

దేబాశిష్ నాలుగో గ్లాసు నింపి ఆమె ముందు పెట్టాడు.

మర్నాడు పెద్దబ్బాయి సంతకి వెళ్లాడు. కొమ్మును తన చేత్తో ముట్టుకోలేదు. రైతు చేతే విరిపించి, రైతు చేతే పట్టించి, చేతులు వెనక్కి కట్టుకుని వంగి వాసన చూశాడు. సావుకారికి గీర పెరిగిపోయిందని సంతంతా అనుకుంది.